మా గినీపిగ్‌లు పంజరం దాటడానికి నేను పడ్డ పాట్లు: నా అనుభవం

నిన్న సాయంత్రం మా గినీపిగ్ మలీద తనంతట తానే పంజరంలోంచి దిగి, నా కాలి పక్కనుంచే నడిచి వెళ్లి గరిక తిన్నది. ఇంట్లో ఎవరూ టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నా.

మాది హనుమకొండ. పాప సతాయిస్తే రెండు తెచ్చాం, మలీద, సకినం. రెండూ ఆడవే. పంజరం, నీళ్ల సీసా, ఎండుగడ్డి అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. షాపతను కుందేళ్ల దాణా చేతిలో పెట్టి "రెంటికీ ఇదే మేడం" అన్నాడు. అది అబద్ధం. కుందేలు ఒంట్లో విటమిన్ సి దానంతటదే తయారవుతుంది. గినీపిగ్‌కు మనకు లాగే తిండిలోంచే రావాలి. తక్కువైతే కీళ్లు నొప్పి పుట్టి కదలడం మానేస్తుంది, మనమేమో భయపడుతోందని అనుకుంటాం. మా ఇంట్లో రోజూ క్యాప్సికం ముక్క తప్పదు. ఆ షాపు వైపు మళ్లీ వెళ్లలేదు, మీరూ కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

చేతిలోంచి కొత్తిమీర తినడం తొందరగానే అలవాటైంది. కథంతా బయటికి తేవడం దగ్గరే.

దసరాకు కరీంనగర్ నుంచి మా బావగారి వాళ్లు వచ్చారు. బావగారు సోఫాలో కూర్చునే, పక్కనున్న పంజరం మూత తీసి, పైనుంచి చెయ్యి పెట్టి మలీదను నడుం పట్టి ఎత్తారు. వేటాడే జంతువులకు ఆహారమైపోయే జాతి ఇది. పైనుంచి ఏది వచ్చినా దానికి గద్ద కిందే లెక్క. ఎత్తాలంటే ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద ఉండాలి. నేను ఆ మాట చెప్పేలోపే అది చెవులు చిల్లులు పడేలా అరిచి, చేతిలోంచి జారి, గ్రానైట్ మీద కాళ్లు పట్టు దొరక్క కొట్టుకుంటూ దివాన్ కిందికి దూరింది.

ఇక చూడండి నా అవస్థ. పండక్కి కట్టుకున్న గద్వాల చీరతో నేల మీద బోర్లా పడుకుని ఫోన్ లైటు వేసి చూస్తున్నా. వెనక బంధుబలగమంతా నిలబడి ఉంది. ఒకరు చీపురు తెమ్మంటారు, అత్తమ్మ "దివాన్ జరుపుర్రి" అంటుంది. బావగారేమో "గీ ఎలుక కోసం గింత లొల్లేందమ్మా?" అని నవ్వు. వాళ్లబ్బాయి వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందులో ఎలుకా లేదు, నా మొహమూ లేదు, దివాన్ బయట నా కాళ్లు మాత్రమే. ఇప్పటికీ ఏ ఫంక్షన్‌కు పోయినా "దొరికిందా?" అనే పలకరింపు.

నా టెన్షన్ వేరే. వీటి పేగులు ఆగకుండా పనిచేయాలి. తినడం మానేసి ఒక రోజు గడిచినా ప్రాణం మీదికి వస్తుంది. అందర్నీ భోజనాలకు పంపేసి, లైటు ఆర్పి, సకినం ఉన్న పంజరాన్ని తలుపు తీసి దివాన్ పక్కకు జరిపాను. సకినం కూయ్ కూయ్ అంటూనే ఉంది. బాగా పొద్దుపోయాక మలీద దాని దగ్గరికే వచ్చింది, మా ఎవరి దగ్గరికీ కాదు. ఒక్కదాన్నే కొనుక్కునే వాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

ఆ రాత్రి నుంచి తలుపు తీసి పెట్టినా మలీద మూల కదల్లేదు. కుక్కర్ విజిల్ వేస్తే చాలు, నోట్లో గడ్డిపోచ నోట్లోనే ఉంచుకుని బిగుసుకుపోయేది. ఒక క్లినిక్‌కు తీసుకుపోతే చీటీలో 'కుందేలు' అని రాసి, "అలవాటైతది లేమ్మా" అని పంపేశారు. ఫీజు మాత్రం తగ్గలేదు.

చివరికి నేనే ఒక నిర్ణయానికి వచ్చా. దాన్ని ఎవరూ బయటికి తీయకూడదు, అదే రావాలి. పంజరం నేల మీదికి దించాం. దివాన్ కింద దిండ్లతో మూసేశాం, వైర్లన్నీ పైకి కట్టేశాం. గ్రానైట్ మీద కొత్తవాడ జంఖానా, అదే దరీ, పరిచాం. మన వరంగల్ దరీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, గినీపిగ్‌లు కూడా గుర్తించినట్టే, కాలు అసలు జారదు. అట్టపెట్టెలకు అటూ ఇటూ రెండు దారులు కోశాను. ఒకటే దారి ఉంటే ఒకటి అడ్డం కూర్చుని రెండోదాన్ని కదలనివ్వదు. మొదటి పెట్టె పంజరం తలుపుకు ఆనించి, మిగతావి గోడ వెంబడి పెట్టాం. నడిమధ్య ఖాళీలోకి అవి రావు, గోడ పక్కనే పోతాయి. పెట్టెల మధ్య దూరం మొదట జానెడే.

నేను పక్కన కింద కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని. దాన్ని చూడకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టమైంది. మలీద ముక్కు బయటపెట్టి, వెనక కాళ్లు పెట్టెలోనే ఉంచి, ఒళ్లంతా సాగదీసి ఒక గరిక పోచ అందుకుని వెనక్కి లాక్కునేది. ఆ పోచ కొస కొద్దికొద్దిగా లోపలికి పోయేది. చాలా సాయంత్రాలు అంతే. ఈలోపు సకినం గాల్లో ఎగిరి మెలికలు తిరగడం మొదలుపెడితే పాప ఫిట్స్ అనుకుని ఏడ్చింది. అది సంతోషం, దాన్నే పాప్‌కార్నింగ్ అంటారు.

తిరిగి పంజరంలోకి పంపడానికి తరమకండి. కొత్తిమీర కవర్ చప్పుడు చేస్తే రెండూ వాటంతటవే పోతాయి. చుట్టాలకు చూపించడానికే పెంచాలనుకుంటే చేపల తొట్టి కొనుక్కోండి. పెరూలో వీటిని తినడానికే పెంచుతారు, ఆ సంగతి మా బావగారికి ఇంతవరకు చెప్పలేదు.

డాబా మీద తిప్పమని పక్కింటావిడ సలహా. హనుమకొండ కోతుల సంగతి ఆమెకు తెలియనిదా? పైగా 26, 27 డిగ్రీలు దాటితేనే వీటికి వేడి తట్టుకోవడం కష్టం, మన ఎండలేమో 40 దాటుతాయి. వేసవిలో జంఖానా, పెట్టెలు అన్నీ ఏసీ ఉన్న బెడ్‌రూంలోకి మార్చాలి. మా ఆయన కరెంటు బిల్లు లెక్క ఇప్పటినుంచే వేస్తున్నారు.