పాదాలు మాత్రమే తడిశాయి

"నలిగిన రెల్లును అతడు విరువడు, మకమకలాడుచున్న జనుపనార వత్తిని ఆర్పడు." (యెషయా 42:3)

చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయం వస్తే నేను వెనక వరసలో సర్దుకుని కూర్చుంటాను. ముందుకొచ్చి మాట్లాడేవాళ్ల విశ్వాసం కొండంత ఉంటుంది. జబ్బు చేసినా భయపడలేదట, ఉద్యోగం పోయినా కలవరపడలేదట. నాకేమో ఒక చిన్న రిపోర్టు రావాల్సి ఉన్నా రాత్రంతా టెన్షన్. ప్రార్థన చేసుకునే పడుకుంటాను, దీపం ఆర్పగానే మళ్లీ అదే ఆలోచన. ఇలాంటి మనిషిని విశ్వాసి అనొచ్చా అని చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. కాస్త ఊరట ఇచ్చినవాడు ఒక పాత కథలోని పిరికివాడు.

జాన్ బన్యన్ రాసిన 'యాత్రికుని ప్రయాణం' మొదటి భాగం 1678లో వచ్చింది. వీపు మీద పాపపు మూటతో నాశనపురం విడిచి పరమపట్టణానికి బయల్దేరిన క్రైస్తవుడి కథ చాలామందికి తెలుసు. సిలువ దగ్గర మూట జారిపోవడం, అపొల్లియోను అనే దయ్యంతో పోరాటం, మాయా సంత, చివర్లో వంతెన లేని మరణ నది. ప్రసంగాల్లో వినిపించేదంతా దాదాపు ఇదే. రెండో భాగం 1684లో వచ్చింది. క్రైస్తవుడి భార్య క్రిస్టియానా పిల్లల్ని వెంటపెట్టుకుని అదే దారిన నడిచే కథ అది. దాన్ని తెరిచేవాళ్లు తక్కువ. నేను చెప్పే పిరికివాడు అందులో ఉన్నాడు. అక్కడ కూడా నేరుగా కనిపించడు. యాత్రికులకు దారి చూపే మహాహృదయుడు, ఒకప్పుడు తను తీసుకెళ్లిన మనిషి గురించి నడుస్తూ నడుస్తూ చెప్తాడు. ఆ మనిషి పేరు భయస్థుడు.

దారి మొదట్లో వచ్చే నిరాశ ఊబి ఒడ్డునే నెల రోజులకు పైగా పడి ఏడ్చాడట. తన కళ్ల ముందే చాలామంది దాటిపోయారు, కొందరు చెయ్యి కూడా అందించారు. దాటడు. పోనీ ఇంటికి వెళ్లిపోతాడా అంటే అదీ లేదు. పరమపట్టణం చేరకపోతే చచ్చిపోతానంటాడు, గడ్డిపోచ అడ్డొస్తే తట్టుకుని పడతాడు. ఎండ కాసిన ఒక పొద్దున ఎలాగో దాటేశాడు. దాటానని తనకే నమ్మకం కుదరలేదు. ఆ ఊబి అతని మనసులోనే ఉందనుకుంటా, వెళ్లిన చోటికల్లా మోసుకుపోయాడు అంటాడు మహాహృదయుడు. ఈ మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది కూడా.

ఇరుకు ద్వారం దగ్గర మరీ ఘోరం. వణుకుతూ నిలబడి, వెనకొచ్చినవాళ్లను ముందుకు పంపిస్తూ ఉంటాడు. తను తట్టడు. చివరికి ఎప్పుడో సుత్తి అందుకుని మెల్లగా ఒకటి రెండు దెబ్బలు వేస్తాడు. తలుపు తెరుచుకుంటుంది. "తట్టుడి మీకు తీయబడును" అని ప్రభువు అన్నాడు. ఎంత గట్టిగా తట్టాలో చెప్పలేదు.

యాత్రికులకు దృశ్యాలు చూపించి బోధించే వ్యాఖ్యాత ఇంటి దగ్గరా అంతే, లోపలికి రాలేక చలిలో చాలాసేపు బయటే ఉండిపోయాడు. అతని దగ్గర మాత్రం ఒక ఉత్తరం ఉంది. ఇతన్ని చేర్చుకోండి, ఇతను పిరికి గుండె మనిషి, అందుకని ధైర్యం గల తోడును ఇచ్చి పంపండి అని అందులో రాసి ఉంది. మహాహృదయుడు అతని వెంట వెళ్లడానికి కారణం ఆ పిరికితనమే!

మొదటి భాగంలో ఇదే ఇంట్లో క్రైస్తవుడు ఒక దృశ్యం చూస్తాడు. గోడ వారన మంట మండుతోంది. ఒకడు దాని మీద నీళ్లు పోస్తూనే ఉన్నాడు, మంట మాత్రం ఇంకా పైకి లేస్తోంది. గోడ అవతలికి తీసుకెళ్లి చూపిస్తే, అక్కడ క్రీస్తు ఎవరికీ కనబడకుండా ఆ మంటలో నూనె పోస్తూ ఉన్నాడు. యెషయా చెప్పిన వత్తి ఆరిపోకపోవడం వెనక ఉన్న సంగతి ఇదే అనుకుంటాను. భయస్థుడు జీవితమంతా గోడకు ఇవతలే నిలబడ్డాడు. అతనికి కనిపించింది నీళ్లు పోసేవాడొక్కడే.

బన్యన్ ఇదంతా దూరం నుంచి చూసి రాసినవాడు కాదు. గిన్నెలకు మాట్లు వేసుకుని బతికిన మనిషి. దేవుడు తనను విడిచిపెట్టేశాడేమోనన్న భయంతో ఏళ్ల తరబడి నలిగిపోయాడు. 1660లో అనుమతి లేకుండా ప్రసంగిస్తున్నాడని ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో అరెస్టు చేశారు. ఇక ప్రసంగించనని మాట ఇస్తే వదిలేసేవాళ్లు, ఇవ్వలేదు. దాదాపు 12 ఏళ్లు జైల్లో గడిచాయి. అంత గట్టివాడే, చూపు లేని తన కూతురు బయట ఏమైపోతుందోనని లోపల ఎంత తల్లడిల్లాడో దాచుకోకుండా రాసుకున్నాడు.

విచిత్రం ఏమిటంటే, అందరూ భయపడే చోట భయస్థుడికి భయం లేదు. కష్టాల కొండ ఎక్కడానికి జంకలేదు, సింహాలను లెక్కచేయలేదు, మాయా సంతలో అయితే అందరితోనూ తలపడేలా ఉన్నాడట. అతనికి ఉన్న భయమల్లా ఒక్కటే: చివరికి నన్ను లోపలికి రానిస్తారా?

నది దగ్గరికి వచ్చేసరికి ఆ భయమంతా మళ్లీ పైకి లేచింది. మునిగిపోతాను, ఏ ముఖం చూడాలని ఇంత దూరం నడిచానో ఆ ముఖం ఇక చూడలేను అని ఏడ్చాడు.

మొదటి భాగంలో ఈ నది గురించి ఒక మాట ఉంది. ఆ పట్టణపు రాజును నమ్మినదాన్ని బట్టి అది లోతుగానో, తక్కువ లోతుగానో ఉంటుందని. అపొల్లియోనునే ఎదిరించిన క్రైస్తవుడు అందులో మునిగిపోబోయాడు. పక్కనున్న ఆశావహుడు తల పైకెత్తి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ లెక్కన భయస్థుడికి నది ఆకాశమంత లోతు ఉండాలి కదా? కానీ అతను దిగిన రోజు నీళ్లు మునుపెన్నడూ లేనంత తగ్గిపోయాయి. పాదాలు తడిసిన దానికన్నా పెద్దగా ఎక్కువేమీ లేకుండా దాటేశాడు. ఈ ఆరేళ్లలో బన్యన్ లెక్క మార్చుకున్నాడా? లేక ఆ ముఖం చూడలేనేమోనన్న ఏడుపునే పైన విశ్వాసంగా లెక్క రాసుకున్నారా? రెండోదే అయి ఉంటుందని నా ఆశ.

రెండో భాగం చివర్లో ఇంకొకామె ఉంది. పేరు అతిభయ, తండ్రి పేరు నిరుత్సాహుడు. పిలుపు వచ్చిన రోజున పాడుకుంటూ నదిలోకి దిగుతుంది. ఏం పాడిందో ఒడ్డున ఉన్నవాళ్లకు ఎవరికీ అర్థం కాలేదని రాసి వదిలేశాడు బన్యన్.