నిద్రకు 84 మార్కులు

2025 జనవరిలో ఒక సోమవారం సాయంత్రం మా బ్రాంచిలో నా క్యాష్ టాలీ కాలేదు. సరిగ్గా 50 వేలు తేడా. అంటే ఒక 500 నోట్ల కట్ట. రాజమండ్రిలో, చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఆరేళ్లుగా కౌంటర్‌లో కూర్చుంటున్నాను. పదో పరకో తేడా వచ్చింది గాని కట్టకు కట్ట ఎప్పుడూ రాలేదు. షట్టర్ దించేసి మేనేజర్ గారు, అటెండరు, నేను మొదటినుంచి మళ్లీ లెక్కపెట్టాం. రాత్రి ఎనిమిదింటికి దొరికింది. డబ్బు ఎక్కడికీ పోలేదు, మధ్యాహ్నం వచ్చిన ఒక డిపాజిట్‌ను నేనే రెండుసార్లు ఎక్కించాను. రెండో ఎంట్రీ వేసినట్టు నాకు అసలు గుర్తు లేదు. భోజనం చేసి వచ్చి కూర్చున్నాక ఒక పావుగంట నా జీవితంలోంచి ఎవరో చింపేసినట్టు అనిపించింది.

ఆ రోజు పొద్దున నా చేతి వాచీ నా నిద్రకు 84 మార్కులు వేసింది. 7 గంటల 22 నిమిషాల నిద్ర, అందులో గాఢ నిద్ర గంటా 50 నిమిషాలు.

ఆ వాచీ మా అమ్మాయి దసరాకు కొనిచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం. "నాన్నా, నీకు బీపీ ఉంది, రోజూ నడుస్తున్నావో లేదో నేను ఇక్కడినుంచే చూస్తా" అంది. అడుగుల సంగతి నాలుగు రోజుల్లో మర్చిపోయాను గాని నిద్ర స్కోరు మాత్రం పట్టుకుంది. వృత్తి అలాంటిది, అంకె కనబడితే నమ్ముతాను. పొద్దున తల దిమ్ముగా, నోరెండిపోయి, రాత్రంతా మూటలు మోసినట్టు లేచేవాణ్ణి. మంచం మీదే స్కోరు చూసేవాణ్ణి. 80 దాటితే 'నిద్ర బాగానే పట్టింది, ఈ నీరసం వయసు వల్ల' అనుకునేవాణ్ణి.

మా ఆవిడ చెబుతూనే ఉంది. "ఏమండీ, మీకు మధ్యలో ఊపిరి ఆగిపోతోంది. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి నిశ్శబ్దం అయిపోతారు. నేను లెక్కపెడతాను. ఒక్కోసారి ఇరవై దాకా వస్తుంది. అప్పుడు ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలెడతారు." నేను ఫోన్ తీసి నీలం రంగు గీతలు చూపించేవాణ్ణి. గీతలు చూసి ఆవిడ ఊరుకునేది. నాకు ఇప్పటికీ బాధ కలిగేది ఇదే. పక్కన మేలుకుని ఉన్న మనిషి మాట కన్నా చేతికి కట్టుకున్న వస్తువు మాట ఎక్కువైంది నాకు.

బీపీ డాక్టర్ గారి దగ్గరా అలాగే జరిగింది. రెండు మాత్రలకు బీపీ లొంగక మూడోది మొదలుపెట్టారు. "నిద్ర ఎలా పడుతోంది?" అని అడిగారు. ఫోన్ చూపించాను. ఆయన తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. రాత్రిళ్లు మూడుసార్లు బాత్రూంకు లేస్తున్నానంటే షుగర్ పరీక్ష రాశారు, నార్మల్ వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు ఈ లొంగని బీపీ, రాత్రిళ్లు పదేపదే లేవడం రెండూ సంకేతాలేనని తర్వాత తెలిసింది. ఆయన అడిగింది సరైన ప్రశ్నే. జవాబు నేను చెప్పలేదు, వాచీతో చెప్పించాను.

ఫిబ్రవరి 26న మహాశివరాత్రి. మా ఆవిడకు పెళ్లికి ముందునుంచీ జాగారం అలవాటు. ఆ సాయంత్రం గుడికి బయల్దేరుతుంటే అమ్మాయి ఫోన్లో, "అమ్మా, 108 ప్రదక్షిణలు చేస్తావు కదా, నాన్న వాచీ పెట్టుకో, ఎన్ని అడుగులో చూద్దాం" అంది. ఎడమ చేతి గాజులు పైకి తోసి వాచీ పెట్టుకుంది. ప్రదక్షిణలు రాత్రి పన్నెండు గంటల లోపే అయిపోయాయి. తర్వాత మండపంలో స్తంభం పక్కన కూర్చుని, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో రుద్రాక్ష మాల తిప్పుకుంటూ పంచాక్షరి జపం చేసుకుంది. తెల్లవారి ఇంటికొచ్చాక అడుగులు చూద్దామని ఫోన్ తీశాం. అడుగులతో పాటు నిద్ర కూడా రాసి ఉంది. రాత్రి 12.50 నుంచి 3.30 వరకు, 2 గంటల 40 నిమిషాలు. అందులో 35 నిమిషాలు గాఢ నిద్ర.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నేను కన్ను మూయలేదు. పక్కన మా పిన్నిగారు ఉన్నారు, అడగండి" అంది. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మేలుకున్న మనిషినే ఇది నిద్రపోయిందంటే, మీ నిద్ర సంగతి దీనికేం తెలుసండీ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ మర్నాడు రాత్రి ఆవిడ నా నిద్రను ఫోన్లో వీడియో తీసింది. దాన్ని నేను ఒక్కసారే చూశాను. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, ముక్కులోకి మాత్రం గాలి వెళ్లడం లేదు. గది నిశ్శబ్దంగా ఉంది, వెనక ఫ్యాన్ చప్పుడు, దాని మీద ఆవిడ గొంతు మెల్లగా "పదిహేడు, పద్దెనిమిది" అంటోంది.

ఆ వీడియోతో ఊపిరితిత్తుల డాక్టర్ గారి దగ్గరకు వెళ్లాం. పెద్దావిడ. నలభై సెకన్లు చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశారు. ఎనిమిది ప్రశ్నల కాగితం ఇచ్చారు. కూర్చుని చదువుతుంటే తూగుతారా, టీవీ చూస్తుంటే తూగుతారా, భోజనం తర్వాత ఊరికే కూర్చుంటే తూగుతారా, బండి సిగ్నల్ దగ్గర ఆగితే తూగుతారా అని. ఒక్కోదానికి సున్నా నుంచి 3. మొత్తం 24కు 10 దాటితే పగటి మత్తు ఎక్కువున్నట్టు. నాకు 15 వచ్చింది. టేపుతో మెడ కొలిచారు, పదిహేడున్నర అంగుళాలు. నోరు తెరిపించి గొంతు చూశారు. వాచీ లెక్కలు కూడా చూపించాను. ఆవిడ చెప్పిన మాట అలాగే గుర్తుంది: "దానికి మీ నిద్ర కనబడదండీ. మీ చెయ్యి కదలడం లేదని కనబడుతుంది, మీ నాడి కనబడుతుంది. మిగతాది ఊహ."

రాత్రంతా నిద్రను కొలిచే పరీక్ష విశాఖలో చేయించుకున్నాం. రత్నాచల్ రైల్లో వెళ్లి, సాయంత్రానికి ఆస్పత్రిలో చేరాను. గది మామూలు లాడ్జి గదిలా ఉంది, మంచానికి ఎదురుగా గోడమీద కెమెరా. టెక్నీషియన్ శ్రీకాకుళం అమ్మాయి. ముందు టేపుతో తల కొలిచి రంగు పెన్సిల్‌తో గుర్తులు పెట్టింది. గుర్తు పెట్టినచోటల్లా ఇసక కలిపినట్టు గరగరలాడే జెల్‌తో రుద్దింది, చర్మం మీద జిడ్డు పోవాలట. తర్వాత తెల్లటి ముద్దలాంటి పేస్టుతో ఒక్కో వైరూ అంటించి పైన గాజుగుడ్డ ముక్క అద్దింది. తలమీద అయ్యాక కళ్ల పక్కన, గడ్డం కింద, ఛాతీ మీద, పిక్కల మీద. ఛాతీకొక బెల్టు, పొట్టకొక బెల్టు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. దాదాపు గంట పట్టింది. "ఇన్ని తగిలించుకుని నిద్రెలా పడుతుందమ్మా?" అంటే, "అందరూ అదే అంటారు సార్, అందరూ పడుకుంటారు" అంది. ఆ అమ్మాయిని అడిగి నా వాచీ కూడా రెండో చేతికి ఉంచుకున్నాను. 10.40కి లైటు తీసేసింది. పొద్దున 5.50కి వేసింది.

పొద్దున వాచీ చూశాను. 6 గంటల 58 నిమిషాల నిద్ర, గాఢ నిద్ర గంటా 46 నిమిషాలు, 81 మార్కులు. కొత్త మంచం మీద, ఒంటినిండా వైర్లతో, చాలాసేపు సీలింగు చూస్తూ పడుకున్నానని నాకు తెలుసు. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. డాక్టర్ గారి బల్లమీద రిపోర్టు పక్కనే నా ఫోన్ పెట్టాను. రాత్రి ఒక్కటే, మనిషి ఒక్కడే, లెక్కలు రెండు. రిపోర్టులో నిద్ర 5 గంటల 12 నిమిషాలు. గాఢ నిద్ర 11 నిమిషాలు. ఊపిరి పూర్తిగానో సగమో ఆగింది 213 సార్లు, అంటే గంటకు 41. ఐదు లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం. ఆక్సిజన్ ఒక దశలో 74 శాతానికి పడిపోయింది. తెల్లారి అదే వాచీ మీద నొక్కితే 97 చూపించింది. అది తప్పు కాదు, మేలుకుని కూర్చున్నప్పటి ఆక్సిజన్ అది.

213 సార్లు ఊపిరి ఆగితే మనిషి లేచి కూర్చోడా అని అడిగాను. నా బుర్రకు అది ఎక్కలేదు. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. పడుకున్నప్పుడు గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ తగ్గగానే మెదడు కొన్ని సెకన్లు మేలుకుని, గొంతు తెరిచి, మళ్లీ పడుకుంటుంది. మనకు గుర్తుండదు. చెయ్యి కదలాల్సిన పని కూడా లేదు. ఆ కొన్ని సెకన్ల మెలకువ తలమీది వైర్లలో అలలుగా కనబడుతుంది. రాత్రినంతా 30 సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో మెదడు అలలు, కళ్ల కదలిక, గడ్డం కండరం బిగువు చూసి, ఇది పైపై నిద్ర, ఇది గాఢ నిద్ర, ఇది కలల నిద్ర అని గుర్తిస్తారు. నిద్రను లెక్కగట్టడానికి వాచీకి అందేది రెండే: కదలికను పట్టే సెన్సరు, కింద మినుకుమినుకుమనే ఆకుపచ్చ లైటు. ఆ లైటు చర్మం కింద రక్తం పారే తీరునుంచి గుండె వేగం లెక్కగడుతుంది. గుండె నెమ్మదించి చెయ్యి కదలకపోతే నిద్ర అంటుంది. నిద్రపోయిన మనిషిని నిద్రపోయాడని చెప్పడంలో ఇవి బాగానే ఉంటాయట. కదలకుండా మేలుకున్న మనిషిని పట్టుకోవడంలోనే తప్పుతాయి. మా ఆవిడ జపం గుర్తొచ్చింది.

దీనికి ఎదురు బాధ కూడా ఉంది. మా బ్రాంచిలో కొత్తగా చేరిన కుర్రాడు మంచి నిద్రే పోతాడు, స్కోరు 60 వస్తే ఆ రోజంతా టెన్షన్ పడి ఆ రాత్రి నిజంగానే నిద్ర పోగొట్టుకుంటాడు. అమెరికా నిద్ర నిపుణులు ఇలాంటి వాళ్లను చూసి 2017లో దీనికి ఆర్థోసోమ్నియా అని పేరు పెట్టారు. వారం రోజులు వాచీ తీసేసి పడుకో నాయనా అని చెప్పాను. నాలుగో రోజే తేడా తెలిసిందన్నాడు. మా అమ్మాయి మాత్రం, నిద్రలో ఊపిరి ఆగితే హెచ్చరించే వాచీలకు 2024లో అమెరికాలో అనుమతి వచ్చిందని, అది కొంటానని అంది. డాక్టర్ గారిని అడిగితే, ఆ హెచ్చరిక వస్తే పరీక్షకు రావాలి, రాకపోతే జబ్బు లేదని అనుకోకూడదు అన్నారు. వద్దన్నాను.

ఈ జబ్బుకు వాడే సీపాప్ మెషిన్ ముందు అద్దెకు తీసుకున్నాం. ముక్కు మీద మాస్కు, పొడుగాటి గొట్టం, గొంతు మూసుకుపోకుండా గాలి ఒత్తిడి. మొదటి వారం నరకం. మాస్కు పక్కనుంచి గాలి కళ్లలోకి కొట్టేది. పట్టీ బిగిస్తే ముక్కు మీద పుండు, వదులు చేస్తే గాలి. రాత్రికి నాలుగైదుసార్లు సర్దుకునేవాణ్ణి. ఐదో రాత్రి వాచీ 58 మార్కులు వేసింది, కట్టుకున్నాక అదే అన్నిటికన్నా తక్కువ. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి కౌంటర్‌లో కూర్చుని, ఎదురుగా ఉన్న పెద్దాయన పాస్‌బుక్కు మీద పేరు చదువుతున్నాను. అక్షరాలు అక్షరాల్లా కనబడుతున్నాయి. కళ్లు బరువెక్కలేదు. ఎన్నాళ్లయిందో అలా. ఆయన సంతకం పెడుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి, తల వంచేసుకున్నాను.

మూడు వారాలకు మాస్కు సైజు మార్చారు, పుండు మానింది. రాత్రి లేవడం ఒక్కసారికి తగ్గింది. నాలుగు నెలలకు బీపీ డాక్టర్ గారు మూడో మాత్ర ఆపేశారు. ఈసారి నిద్ర గురించి అడిగినప్పుడు నా నోటితో చెప్పాను, మా ఆవిడ పక్కనుంచి మిగతాది చెప్పింది. వాచీ ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంది, గుడికి వెళ్లేటప్పుడు అడుగులకు పెట్టుకుంటుంది.

మొన్న గాలివాన వచ్చి అర్ధరాత్రి కరెంటు పోయింది. మెషిన్ ఆగిపోయింది. నాకు తెలియలేదు. ఆవిడకు మెలకువ వచ్చింది. చీకట్లో తడుముకుంటూ వచ్చి నా మాస్కు తీసి, భుజం తట్టి, "ఒక పక్కకు తిరిగి పడుకోండి, కరెంటు వచ్చేదాకా నేను కూర్చుంటాను" అంది. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైనుకు మార్పించాను.