కారులో పాలిటిక్స్ వద్దు

ఫాల్ బ్రేక్‌కి ఇంటికొచ్చిన మేనకోడల్ని వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో, తను చదివే యూనివర్సిటీ దగ్గర దింపడానికి బయల్దేరాం. కారెక్కకముందే మా చెల్లెమ్మ, అంటే బావమరిది భార్య, ఒక షరతు పెట్టింది: దారిలో రాజకీయాలు ఎత్తకూడదు. గేన్స్‌విల్ దగ్గర 66 నంబర్ హైవే వదిలి రూట్ 29 ఎక్కామో లేదో ఆ షరతు కాస్తా గాలికి పోయింది. అప్పటికే ఎక్స్‌ప్రెస్ లేన్ టోల్ చూసి నాకు కడుపు మండుతోంది. రోడ్డు ఖాళీగా ఉంటే ఒక రేటు, రద్దీగా ఉంటే ఇంకో రేటు. ఇదేం వ్యాపారమో!

2024 అక్టోబర్, అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ఇంకా మూడు వారాలుంది. బావమరిది వాళ్ళుండే యాష్‌బర్న్ వీధిలో డెమొక్రాట్ల హారిస్-వాల్జ్ బోర్డులే ఎక్కువ కనిపించాయి. వారెంటన్ దాటాక ట్రంప్ జెండాలు మొదలయ్యాయి. కల్పెపర్, మాడిసన్ దాకా పొలాల గట్ల మీద, పికప్ ట్రక్కుల వెనక అవే. రాష్ట్రానికో రంగు వేసిన మ్యాపు టీవీలో చూసి, వర్జీనియా అంటే మొత్తం నీలమే, డెమొక్రాట్లదే అనుకుంటూ వచ్చాను. ఇక్కడేమో కౌంటీ కౌంటీకీ రంగు మారిపోతోంది. 2020లో షార్లట్స్‌విల్ ఊళ్ళో బైడెన్‌కి దాదాపు 85 శాతం ఓట్లు పడ్డాయి. దానికి కాస్త ముందు మేం దాటిన గ్రీన్ కౌంటీ ట్రంప్‌ది.

రంగులు మారడానికి అంత దూరం కూడా అక్కర్లేదు, మా కారులోనే ముందు సీటొకటి, వెనక సీటొకటి. బావమరిది గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి క్యూలో నిలబడ్డవాడు. సరిహద్దు దాటి దొడ్డిదారిన వచ్చేవాళ్ళ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. కూతురు ఇక్కడే పుట్టింది, అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వెయ్యడం ఇదే మొదలు.

"ఉషా వాన్స్ వాళ్ళది మన తణుకు దగ్గర వడ్లూరే బావా, మన గోదావరి!" అన్నాడు బావమరిది స్టీరింగ్ తిప్పుతూ, ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జె.డి. వాన్స్ భార్య గురించి.

"కమలా హారిస్ వాళ్ళమ్మది చెన్నై కదా నాన్నా. ఆ లెక్కన పక్క రాష్ట్రానికి కూడా ఒక ఓటు వెయ్యి," అంది వెనక నుంచి పిల్ల. నేను నవ్వాను. చెల్లెమ్మ నవ్వలేదు.

మాడిసన్ దగ్గర యాపిల్ పళ్ళ షెడ్డు కనిపిస్తే ఆగాం. ట్రంప్ అభిమానులు పెట్టుకునే ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దాయన నాలుగు రకాలు కోసి రుచి చూపించాడు, ఏది వంటకి, ఏది ఊరికే తినడానికి అని ఓపిగ్గా చెప్పాడు. చిన్న సంచీ పన్నెండు డాలర్లు, బేరం లేదు. కారులో ఆ టోపీలని తిట్టిన మా పిల్లే ఆయనతో అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడింది. ఎన్నికల ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

షార్లట్స్‌విల్‌లో పార్కింగ్‌కి డబ్బులు కట్టి మార్కెట్ స్ట్రీట్ పార్కుకి నడిచాం. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టాలని పోరాడిన దక్షిణాది రాష్ట్రాల సేనాని రాబర్ట్ ఈ లీ గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఒకప్పుడు ఉన్న చోటు అది. ఇప్పుడంతా గడ్డే. అంతర్యుద్ధం 1865లో ముగిస్తే ఈ విగ్రహం పెట్టింది 1924లో, నల్లవాళ్ళకి బడి వేరు, బస్సులో సీటు వేరు అయిన కాలంలో. తీసెయ్యమని 2016లో అర్జీ పెట్టింది జయానా బ్రయంట్ అనే హైస్కూల్ అమ్మాయి. మరుసటేడు సిటీ కౌన్సిల్ సరేనంది, కోర్టులు ఆపాయి. 2021 జులైలో గానీ కదల్లేదు. 2023లో కరిగించేశారు.

ఈ మధ్యలోదే 2017 ఆగస్టు 12. విగ్రహం ఉండాలంటూ వచ్చిన తెల్లజాతి గుంపుల్లో ఒకడు, వాళ్ళని ఎదిరించడానికి వచ్చిన జనం మీదికి కారు తోలాడు. ఆ జనంలో ఉన్న హెదర్ హేయర్ అనే ఆవిడ చనిపోయింది. 32 ఏళ్ళు. ఫోర్త్ స్ట్రీట్‌లో ఆమె పేరుతో బోర్డు ఉంది, గోడల మీద సుద్దముక్కతో రాసిన మాటలున్నాయి. అక్కడే, ఆ గోడ పక్కనే, తండ్రీకూతుళ్ళు ఫోన్లు తీశారు.

ఆ ఘటన జరిగిన మూడు రోజులకి ట్రంప్ మాట్లాడిన వీడియో అది. "రెండు వైపులా చాలా మంచి మనుషులున్నారు" అన్న దగ్గర పిల్ల ఆపేసింది. "నియో నాజీల సంగతి కాదు నేననేది, వాళ్ళని పూర్తిగా ఖండించాలి" అన్న ముక్క బావమరిది వినిపించాడు. రెండూ ఆయన అన్నవే, ఒకే సమావేశంలో. ఏడేళ్ళయినా ఎవరి ముక్క వాళ్ళ దగ్గరే భద్రంగా ఉంది.

"ముందురోజు రాత్రి కాగడాలు పట్టుకుని వాళ్ళు నడిచింది నేను రోజూ క్లాసుకెళ్ళే దారిలో నాన్నా. అందులో మంచివాళ్ళెవరు?" అంది. బావమరిది జవాబు చెప్పకుండా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నాకు ట్యాంక్ బండ్ గుర్తొచ్చింది. 2011 మార్చి 10న, తెలంగాణ ఉద్యమం మిలియన్ మార్చ్ రోజు, విగ్రహాలు కూలాక మా ఆఫీసులో ఒకే బల్ల మీద భోంచేసేవాళ్ళం విడివిడిగా తిన్నాం. ఒకరికి అది శ్రీశ్రీ మీద పడ్డ దెబ్బ. ఇంకొకరికి, ఆ వరుసలో మావాళ్ళు ఎంతమంది అన్న పాత కోపం. అయినా ఆ రెండూ ఒకటే అనను. మన కవులెవరూ మనుషుల్ని బానిసలుగా ఉంచడం కోసం కత్తి పట్టలేదు. పైగా మనవి మళ్ళీ నిలబెట్టారు కూడా.

ఒకప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో చూద్దామంటే టికెట్ నలభై డాలర్ల పైమాటే. బయటి నుంచి ఫోటోల్లో చూశాం చాలన్నాను.

హాస్టల్ దగ్గర పులిహోర డబ్బా చేతికిస్తూ, ఎవరు గెలిచినా థాంక్స్‌గివింగ్‌కి ఇంటికి రావాలని చెల్లెమ్మ మాట తీసుకుంది. పిల్ల ఒప్పుకుంది గానీ, భోజనాలప్పుడు నాన్న చూసే న్యూస్ ఛానల్ పెట్టకూడదంది. దానికి బావమరిది ఔననలేదు, కాదనలేదు. తిరుగుదారిలో వారెంటన్ దాకా పాత ఘంటసాల పాటలు పెట్టుకుని వచ్చాడు.