టెనార్ సాక్స్, తొమ్మిదో వారం: అరుపు కోసం తంటాలు

1960ల స్పిరిచువల్ జాజ్ (ఆధ్యాత్మిక భావంతో సాగే జాజ్ సంగీతం) రికార్డుల్లో సాక్సఫోన్ ఉన్నట్టుండి గొంతు చించుకుని అరుస్తుంది. వింటుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ అరుపు ఎలా వస్తుందో తెలుసుకోవాలనే ఈ తంటా అంతా. నాది సెకండ్‌హ్యాండ్ టెనార్ (కాస్త మంద్రంగా పలికే సాక్సఫోన్), రెండున్నర నంబరు రీడ్. రీడ్ అంటే ఊదితే కంపించే పల్చటి బద్ద, నంబరు పెరిగేకొద్దీ గట్టిది.

మొదటి మూడు వారాలు ఓవర్‌టోన్లే, అంటే ఒకే స్వరంలో దాగి ఉండే పై స్వరాలు. అన్నిటికంటే కిందనున్న బి ఫ్లాట్‌కి వేళ్లు పెట్టి, వాటిని కదపకుండా గొంతు, నాలుక మార్చుకుంటూ పై స్వరాలు రాబట్టాలి. మన లెక్కలో చెప్పాలంటే పై సా, పా, ఇంకా పై సా, ఆ తర్వాత అంతర గాంధారం. తంబూరాలో తోచే వరసే ఇది. గాంధారం నాకిప్పటికీ పదిసార్లకు రెండుసార్లే పలుకుతోంది.

గరగర కోసం ఊదుతూనే గొంతులో కూనిరాగం తీయాలి. మొదటి రోజు దగ్గు తప్ప ఏమీ రాలేదు. ఆ కాలపు సాక్సఫోన్ వాద్యకారుడు ఆల్బర్ట్ ఐలర్ గట్టి ప్లాస్టిక్ రీడ్ వాడేవాడని చదివి మూడున్నర నంబరుది కొన్నాను. అరగంటలో కింది పెదవి పగిలింది. డబ్బు దండగ.

దారి వేరేచోట దొరికింది. జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 1964 డిసెంబర్ 9న న్యూజెర్సీలో రికార్డు చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' ఆల్బమ్‌లో మొదటి భాగానికి ఆధారం నాలుగు స్వరాలే: స గ స మ, సాధారణ గాంధారంతో. టెనార్ మీద జి, బి ఫ్లాట్, జి, సి. ఆ ముక్కనే ఆయన పన్నెండు శ్రుతులకూ తిప్పుతాడు. నేను ఏడింటి దాకా వచ్చాను. ఇక చివరి భాగంలో తను రాసుకున్న ప్రార్థననే అక్షరం అక్షరంగా సాక్స్‌తో చదువుతాడు. ఆల్బమ్‌లో అచ్చయిన ఆ ప్రార్థనను ముందు పెట్టుకుని వింటే తెలుస్తుంది, అవి ఊరికే వచ్చిన స్వరాలు కావు, మాటలని.

అందుకే ఎనిమిదో వారం నేనూ నాలుగు పంక్తులు రాసుకున్నాను. ఏం రాశానో ఇక్కడ పెట్టను. లఘువుకు పొట్టి స్వరం, గురువుకు రెట్టింపు. మూడు పంక్తులు మెల్లగా, దాదాపు గుసగుసలా ఊదాను. నాలుగోదానిలో ఒక మాట దగ్గర గాలి ఒత్తిడి పెంచానంతే, స్వరం దానంతటదే చీలింది. అన్ని రోజులూ మొదటి ఊపిరి నుంచే గట్టిగా ఊదుతున్నాను కాబట్టి చీలడానికి చోటే లేకుండా పోయిందన్నమాట.

వంటింట్లోంచి అమ్మ, "ఏంట్రా అది, దూడ తప్పిపోయిన గేదెలా?" అంది. ఇంతకంటే మెచ్చుకోలు నాకెవరూ ఇవ్వలేదు.

ఆ చీలిక మళ్లీ రాలేదు. శనివారం ఇరవైసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి సగం వచ్చింది. బెల్‌లో (సాక్స్ చివరి గరాటులో) తువ్వాలు కుక్కితే చప్పుడు తగ్గుతుందనుకున్నాను గానీ, చాలా స్వరాలు పక్క రంధ్రాల్లోంచే బయటికొస్తాయి కాబట్టి లాభం లేదు. పై ఇంటివాళ్లు రాత్రి ఎనిమిది తర్వాత వద్దన్నారు. వచ్చే వారం సాయంత్రం ఆరింటికి, బట్టలు చప్పుడు పీల్చుకునేలా బీరువా తలుపులు తెరిచి, దానికి ఎదురుగా నిలబడి ఊదాలి.