తుపాకీ లేకుండా దుప్పుల వెంట

అమెరికాలో స్థిరపడిన మా మేనల్లుడు జింకల వేటకు లైసెన్సు తీసుకున్నాడని తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో కొందరికి అది పాపంగానూ, కొందరికి వినోదంగానూ తోస్తున్నది. నాకు మాత్రం అతడు చెప్పిన నడక సంగతులే ఆసక్తి కలిగించాయి. అక్కడ వేట కాలాన్నీ, లైసెన్సు నిబంధనలనూ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయిస్తుంది. ప్రభుత్వ అటవీ భూములలో చాలామంది వేటగాళ్ళు రోడ్డును వదిలి దూరం పోరు కనుక, బెదరని జింకలు కావలసినవారు లోపలికి నడుస్తారు. అయితే కాల్చిన జింకను అక్కడే కోసి, మాంసాన్ని వీపున మోసుకొని రావాలి కాబట్టి, కొత్తవాడు దూరాన్ని తిరుగు ప్రయాణపు బరువుతోనే లెక్కకట్టుకోవాలి.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇందుకు తావివ్వదు. ఆ చట్టం దృష్టిలో చంపడమే కాక ఉచ్చు పన్నడం, ఎర వేయడం, తరమడం, చివరకు వాటికి ప్రయత్నించడం కూడా వేటే. కనుక విశాఖపట్నంలో ఉంటూ ఈ విద్య నేర్చుకోదలచినవారు బైనాక్యులర్ పట్టుకొని కంబాలకొండకు వెళ్ళాలి. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఆ అడవి నేడు సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. చుక్కల దుప్పి, కణితి (సాంబర్ జింక), కుక్కలా మొరిగే చిన్న జింక అక్కడ ఉన్నాయి. అటవీ శాఖ అనుమతించిన బాటలే ఇందుకు చాలును. వేటలో కష్టమైన భాగమంతా తుపాకీ ఎత్తే ముందే ఉన్నదని నా అభిప్రాయం.

అందులో మొదటిది గాలి. జింక కంటిని ఏమార్చవచ్చు గాని ముక్కును ఏమార్చలేము. తీరప్రాంతం కావడం వల్ల మనకు గాలి లెక్క కొంత తేలిక: రాత్రి చల్లబడిన నేల మీది గాలి తెల్లవారుజామున సముద్రం వైపు పోతుంది, కొండవాలు మీది చల్లగాలి కూడా కిందికే దిగుతుంది. కనుక జాతీయ రహదారి వైపు నుంచి పొద్దున్నే పడమరగా లోపలికి నడిచేవారికి సాధారణంగా గాలి ముఖానికి తగులుతుంది, వారి వాసన వెనక్కి పోతుంది. ఎండ ముదిరి సముద్రపు గాలి అందుకున్నాక అదే బాటలో మన వాసన మనకన్నా ముందే అడవిలోకి చేరుతుంది. చిటికెడు టాల్కం పౌడరు గాలిలోకి వదిలితే అది ఎటు సాగుతున్నదో కనిపిస్తుంది. మాతో నడిచిన అటవీ శాఖ వాచర్ మాత్రం పౌడరు జోలికి పోకుండా మెడ మీది చెమట చల్లబడే వైపును బట్టే చెప్పేవాడు: “ఇటేపు వద్దు బాబూ, గాలి మన నించి అటే పోతంది.”

తరువాతిది అడుగు. ఎండుటాకుల మీద ఆగకుండా సాగే అడుగుల సవ్వడి మనిషిని ఇట్టే పట్టిస్తుంది. కాబట్టి నాలుగు అడుగులు వేసి, చెట్టు చాటున ఆగి, నడిచిన సేపటికన్నా ఎక్కువసేపు చూడాలి. పూర్తి జింక కనబడాలని వెతికితే ఏమీ కనబడదు. చెవి కదలిక, పొదలలో అడ్డంగా సాగిన వెన్ను గీత, తోక కింది తెలుపు వెతకాలి. దుప్పి ముందుకాలు నేలకు తాటించిందంటే దానికి అనుమానం వచ్చినట్టే, అక్కడే కొయ్యబారిపోవాలి. జింకకు ఎరుపు రంగు సరిగా తెలియదు గాని నీలం బాగా తెలుస్తుంది. అందుచేత జీన్సు ప్యాంటు ఇంటి దగ్గరే ఉంచండి.

పెంటికలు నల్లగా, తడి మెరుపుతో ఉంటే మంద దగ్గరలోనే ఉండవచ్చు. కణితి గిట్టల గుర్తు దుప్పిదానికన్నా స్పష్టంగా పెద్దది. జాడలను చూస్తూ తల దించుకొని నడవడం మాత్రం మంచిది కాదు, కంబాలకొండలో చిరుతలు కూడా ఉన్నాయి. ఒంటరిగా వెళ్ళవద్దు, ప్యాంటు అంచులను సాక్సులలోకి దోపుకోండి, ఇంటికి రాగానే పిడుదుల కోసం మోకాళ్ళ వెనుక, నడుము చుట్టూ వెతుక్కోండి.