మోకాలు పోతే మనిషి పోయినట్టేనా?

సంక్రాంతి కబడ్డీ అంటే కోనసీమ కుర్రాళ్లకి పూనకమే. కూతకెళ్లినప్పుడు కాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్) తెగిందనుకోండి, ఆపరేషన్ అయ్యాక మళ్లీ కోర్టులో దిగడానికి కనీసం 9 నెలలు. తొడ కండ బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా రాకుండా దిగితే మళ్లీ తెగొచ్చు. ఇవన్నీ ఫిజియో చెబుతారు. ‘రైడర్’ అన్న పేరు తప్ప ఇంకేం లేని కుర్రాడు ఆ 9 నెలలూ ఎవరిగా బతకాలో మాత్రం ఎవరూ చెప్పరు.

‘ఆటే నేను’ అన్న భావన ఎంత గట్టిగా ఉందో కొలిచే ప్రశ్నావళి 1993లోనే వచ్చింది. మార్కు ఎక్కువొస్తే తప్పేం కాదండీ, ప్రాక్టీసుకి అదే బలం. ఆట ఆగినప్పుడే చిక్కు.

మన అమలాపురం సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2023 అక్టోబరులో బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో ఓటమి. ర్యాంకుతోనే మనిషికి విలువ కడితే ఎలా?

ఆట కాకుండా మిమ్మల్ని ఎవరు, ఎందుకు పిలుస్తున్నారో ఓ వారం కాగితం మీద రాయండి. రొయ్యల చెరువు మేతకి నాన్న, లెక్కలకి చెల్లి... రెండు పేర్లు కూడా రాకపోతే సీజన్ నడుస్తుండగానే వారానికి రెండు గంటలు ఇంకోదానికి ఇవ్వండి. దెబ్బ తగిలాక మొదలెడితే అది ఓదార్పులాగే ఉంటుంది. కొందరైతే చెస్ యాప్‌లో రేటింగ్ కోసం తెల్లవార్లూ కూర్చుంటారు. స్కోరుబోర్డు మారిందంతే!

అమ్మానాన్నలూ, మ్యాచ్ అయ్యాక ఫోన్‌లో మొదట ‘గెలిచావా’ అనకండి. ‘తిన్నావా’ అనండి. స్కోరు వాడే చెబుతాడు.