33 రావాలి, యాభై దాటాయి

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి మేడమ్ నాకు ఆక్వాపోరిన్లు ఇచ్చారు. కణాల పొరల్లో ఇరుక్కుని కూర్చుని నీటిని అటూ ఇటూ పోనిచ్చే ప్రొటీన్లివి. వరి జీనోమ్‌లో (మొత్తం జన్యు సమాచారంలో) ఈ కుటుంబాన్నంతా పట్టుకుని, ల్యాబుల్లో నమూనాగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌తో పోల్చి, వంశవృక్షంలో ఏ కొమ్మ ఎక్కడ చీలిందో చూడాలి. వరిలో 33 ఉన్నాయని 2005లోనే తేలింది. ముందు ఆ లెక్క నాకూ వస్తే అప్పుడు వేరే పంట ముట్టుకోమన్నారు.

అరబిడాప్సిస్‌లోని 35 ప్రొటీన్లు పెట్టి, పోలికలున్న సీక్వెన్స్‌లను వెతికే ప్రోగ్రామ్ బ్లాస్ట్ నడిపాను. యాభై దాటాయి! కొత్త జీన్లు దొరికేశాయని ఆ రాత్రి రూమ్మేట్‌కి టీ కూడా ఇప్పించాను. పొద్దున మేడమ్ లిస్టు చూసి, "పేర్ల చివర చుక్క తర్వాత అంకె చూశావామ్మా?" అన్నారు. చూడలేదు. ఒకే పేరు చివర .1, .2, .3 అని ఉంది. ఒకే జీన్ నుంచి రకరకాలుగా తయారయ్యే ఆర్‌ఎన్‌ఏలను వేర్వేరు జీన్లుగా లెక్కేశానన్నమాట. టీ డబ్బులు దండగ.

ఈసారి మరీ జాగ్రత్త పడ్డాను. నీళ్లు పోయే దారి మధ్యలో ఎన్‌పీఏ అనే మూడక్షరాల (అంటే మూడు అమైనో ఆమ్లాల) వరస రెండుసార్లు రావాలని పుస్తకంలో ఉంది కదా, అది లేనివన్నీ తీసేశాను. ఆక్వాపోరిన్లలో పిప్, టిప్, నిప్, సిప్ అని గుంపులున్నాయి. అదే వడపోత అరబిడాప్సిస్ మీద వేస్తే సిప్ గుంపులోని మూడూ ఎగిరిపోయాయి! వాటిలో మొదటి ఎన్‌పీఏలో చివరి అక్షరం మారి ఉంటుంది. నిప్ గుంపులో, బోరాన్‌ని లోపలికి తీసుకునే నిప్5;1 కూడా పోయింది. వడపోత తీసేసి, ఒక్కో సీక్వెన్స్‌నీ కళ్లతో చదివాను. పది రోజులు పట్టింది. నన్నడిగితే ప్రాజెక్టంటే ఆ పది రోజులే. చివరికి పిప్‌లు 11, టిప్‌లు 10, నిప్‌లు 10, సిప్‌లు 2.

ఆ వంశవృక్షం (ట్రీ) వేశాక మళ్లీ టెన్షన్. ఎక్స్‌ఐపీ అని ఇంకో గుంపుంది, దానిలోది వరిలో ఒక్కటీ లేదు. ఎక్కడ పారేసుకున్నానో అని రెండు రోజులు వెతికాను. తీరా చూస్తే వరి లాంటి ఏకదళ బీజాల్లో ఆ గుంపే లేదు, అరబిడాప్సిస్‌లోనూ లేదు. టమాటాలో, ద్రాక్షలో మాత్రం ఉంది. నాచు జాతి ఫిస్కోమిట్రెల్లాలో మొత్తం ఏడు గుంపులు. అంటే కొన్ని మధ్యలో రాలిపోయాయి. పాత జాతి మొక్కకి తక్కువ గుంపులు, కొత్తదానికి ఎక్కువ ఉంటాయని నేననుకున్నది తప్పు.

ట్రీలో నేను ఎక్కువసేపు చూసింది నిప్2;1. ఇది వరి వేళ్లలో ఉండి మట్టిలోని సిలికాన్‌ని లోపలికి తీసుకుంటుందని 2006లో తేలింది. ఆర్సెనిక్ కూడా ఇదే దారిన దూరుతుంది. చిన్నప్పుడు కలుపు తీయడానికి వెళ్తే వరి ఆకు అంచు వేళ్లకి గీసుకుని సన్నగా రక్తం వచ్చేది. ఆ పదునంతా ఆకులో చేరిన సిలికానే.

ఫోన్‌లో నానమ్మకి ఇదంతా చెబితే కాసేపు విని, "అందుకేనేమిటే, ఊక బూడిదతో తోమితే ఇత్తడి గిన్నెలు అంత తళతళలాడేవి!" అంది.